తలుపు దగ్గర గుడ్లగూబ

"అమ్మా, గుడ్లగూబ మళ్ళీ తలుపేసేసింది!"

ఫోను చూసుకుంటూ పిల్ల పకపకా నవ్వింది.

టైలరమ్మ కుట్టుమిషను ఆపి తొంగి చూసింది.

పిల్ల ఆడేది ఇళ్ళు కట్టే ఆట. ఎవరి ఇల్లు వాళ్ళు కట్టుకోవచ్చు. ఒకరింటికి ఒకరు వెళ్ళొచ్చు. పిల్ల కట్టిన పసుపుపచ్చ ఇంటి గుమ్మంలో గుడ్లగూబ బొమ్మ ఒకటి నిలబడి ఉంది. ఎవరైనా దగ్గరికొస్తే చాలు, అడ్డంగా ఇటుకలు పేర్చేస్తోంది.

"ఎవరే అది?"

"గుడ్లగూబ."

"బొమ్మ సరే. దాని వెనకున్న మనిషెవరు?"

"చెప్పకూడదు. ఒట్టేశాను."

టైలరమ్మ చేతిలో ఉన్న జాకెట్టు పక్కన పడేసింది.

ఫోను గురించి ఆ ఇంట్లో ఇదివరకే చిన్నసైజు యుద్ధం జరిగింది. ఆడపడుచు ఎప్పుడొచ్చినా అదే పాట.

"ఒకటో తరగతి పిల్లకి ఫోనేంటమ్మా? చేజేతులా చెడగొడుతున్నావు."

"చూడకుండా ఇస్తే చెడుతుంది వదినా. నేను చూసే ఇస్తున్నాను."

నిజంగానే చూసేది. బొమ్మలు చేసే వీడియో ఏదైనా ముందు తన చేత్తో చేసేది. కాగితం పడవ పాసయింది. మైనం కరిగించి పువ్వులు చేసేది ఫెయిలయింది.

"వీడియోలో వేలు చురుక్కుమనే ముక్క కత్తిరించేశారు. రోజూ కత్తెర పట్టేదాన్ని, నాకు తెలీదా?" అంది వేలు నోట్లో పెట్టుకుని.

ఆటలైనా అంతే. ముందు తను ఆడాలి, తర్వాతే పిల్ల. ఇళ్ళ ఆటని పొద్దున పూట ఆడి చూసింది. అప్పుడు ఏ గుడ్లగూబా రాలేదు.

ఇదేమో సరిగ్గా బడి వదిలే వేళకి దిగుతోంది.

'పిల్లల కోసమే కాచుక్కూచుంటున్నాడు దొంగవెధవ' అనుకుంది.

ఫోను లాక్కుని టైపు చేసింది. "ఎవరు నువ్వు?"

"కాపలా," అని జవాబొచ్చింది.

"నిన్నెవరు పెట్టారు?"

"నేనే."

"నీ వయసెంత?"

"నీ వయసెంత?"

"నేను ఈ పిల్ల తల్లిని. మర్యాదగా పో."

"పోను."

"సిగ్గులేదూ?"

"నీకే లేదు. తలుపు తియ్యొద్దు. కుందేలు వస్తాడు."

టైలరమ్మకి ఒళ్ళు మండింది. "నాకే కథలు చెబుతున్నాడు!"

ఫిర్యాదు మీట నొక్కింది. కారణం రాయమంటే రాసింది: 'పసిపిల్ల చేత ఒట్టేయించుకుని తల్లి దగ్గర దాపరికం నేర్పుతున్నాడు.'

మర్నాటికి గుడ్లగూబ లేదు. పిల్ల మూతి ముడుచుకుని గోడవైపు తిరిగి కూర్చుంది.

టైలరమ్మ ఆడపడుచుకి ఫోను చేసి మరీ చెప్పింది.

"చూశావా వదినా? ఏరి పారేశాను. తప్పు ఫోనుది కాదు. చూసే కళ్ళుండాలి."

"బాగుందమ్మా. మిగతా వాళ్ళంతా మంచివాళ్ళేనని నీకెవరు రాసిచ్చారు?"

ఆ మాట సూదిలా దిగింది.

ఆ సాయంత్రం పిల్లని పక్కింటికి పంపి, పిల్ల పేరుతో తనే ఆటలో కూర్చుంది. పసుపుపచ్చ ఇంటి తలుపు బార్లా తీసి ఉంది.

తెల్ల కుందేలు బొమ్మ ఒకటి గెంతుకుంటూ లోపలికొచ్చింది.

"హాయ్ బంగారం! ఇల్లు ఎంత ముద్దుగా కట్టావో. ఇదిగో, నీకో రెక్కల గుర్రం."

ఎంత మర్యాద! టైలరమ్మకి ముచ్చటేసింది. "థాంక్యూ," అని కొట్టింది.

"ఆ పాడు గుడ్లగూబ పోయిందా?"

"పోయింది."

"పీడా పోయింది. అమ్మ పక్కనుందా?"

ఆమె వేలు ఆగింది.

"లేదు."

"అయితే కెమెరా పెట్టు బంగారం, నిన్ను చూస్తాను. అమ్మకి మాత్రం చెప్పకూడదు, సరేనా?"

ఈసారి వేళ్ళు ఆగలేదు.

"అమ్మనే రా మాట్లాడేది. ముందు నీ కెమెరా పెట్టు, నీ మొహం నేను చూస్తాను!"

కుందేలు మాయమైపోయాడు.

కానీ వాడి మాటలు మాయం కాలేదు. అన్నీ ఫొటో తీసి ఆట కంపెనీకి పంపింది, పోలీసులకి పంపింది. ఆడపడుచుకి కూడా పంపింది.

ఆడపడుచు పరుగెత్తుకొచ్చింది. "ఇప్పటికైనా ఆ ఫోను పారేస్తావా, లేదా?"

"పారెయ్యను. పారిపోవాల్సింది వాడు. నా పిల్లెందుకు పారిపోవాలి వదినా? రేపట్నుంచి దాని పక్కన కూర్చుని నేనూ ఆడతాను."

అప్పటికే ఇంటికొచ్చిన పిల్ల, గుమ్మంలో నిలబడి ఇదంతా వింది.

"అమ్మా, ఆ కుందేలు ముందు గుడ్లగూబ ఇంటికే వచ్చాడంట. అప్పుడు దాని తలుపు దగ్గర ఎవరూ లేరంట."

టైలరమ్మ ఫోను తీసుకుని ఆట కంపెనీకి మళ్ళీ రాసింది.

'గుడ్లగూబ మీద నేను పెట్టింది తప్పుడు ఫిర్యాదు. మందలించాల్సి వస్తే నన్ను మందలించండి. ఆ మనిషిని మాత్రం వెనక్కి రానివ్వండి.'

జవాబు వచ్చింది.

'కుదరదు. ఆ ఖాతా పెద్దవాళ్ళ పేరు మీద ఉంది. గుర్తింపు కార్డు చూపించమని అడిగాం. చూపించలేదు. తీసేశాం.'

"నామీదికే ఎదురు తిరిగినవాడు," అంది టైలరమ్మ ఉక్రోషంగా, "ఒక్క కార్డుముక్క చూపించడానికి భయపడ్డాడా?"

పిల్ల తల్లి వైపు వింతగా చూసింది.

"ఎలా చూపిస్తుందమ్మా? గుడ్లగూబ అక్కది మూడో తరగతేగా!"