ట్యూబుల మారాజు

"ట్యూబులన్నీ నాకే కావాలి."

ట్యూబులావిడ తలెత్తి చూసింది. బట్టతల, బానపొట్ట, మోకాళ్ల దాకా మడిచిన ప్యాంటు.

రాత్రంతా కుండపోతగా కురిసి అప్పుడే వెలిసింది. ఇలాంటి రోజున సముద్రపొడ్డున ఇసుకేస్తే రాలనంత జనం. గాలి ట్యూబులు అద్దెకిచ్చే కొట్టు ఆవిడదొక్కటే.

"అన్నీనా? ఒక్కరూ ఎలా తేలతారన్నగారూ?"

"నేను తేలను. ఇవాళ నీళ్లు మంచివి కావు చెల్లెమ్మా. పిల్లలు దిగకూడదు."

"నీళ్లు నిక్షేపంలా ఉన్నాయి. బాగోకపోతే ఎర్రజెండా పెట్టరూ?"

"అది రేపు పెడతారు."

"అదీ నిజమే! ఆ జెండావాడెవడో గానీ ఎప్పుడూ ఒకరోజు ఆలస్యం. చేతులు కాలాక ఆకులు తెచ్చే రకం."

ఆయన పడీ పడీ నవ్వాడు.

"ఒట్టి చవట," అంటూ అద్దె చేతిలో పెట్టాడు.

ట్యూబు లేనిదే పసిపిల్లల్ని నీళ్లలోకి ఏ తల్లి దింపుతుంది? ఆయన ఇసుకలో గీత గీసి, ట్యూబులు దొర్లించే పందేలు పెట్టాడు. సాయంత్రానికి పిల్లలెవరో ఆయనెవరో తెలియనంత ఇసుక.

అప్పట్నుంచి వాన వెలిసిన ప్రతిసారీ వచ్చేవాడు. ఆవిడ ఆయనకి ట్యూబుల మారాజని పేరు పెట్టింది. తిక్క మనిషే గానీ మనసు వెన్న. ఆవిడ కూతురికి ఆయన్ని పందెంలో ఓడించడమంటే ప్రాణం.

పిల్లలు ఆడుతుంటే పెద్దలిద్దరూ కూర్చుని జెండావాణ్ణి తిట్టుకునేవారు. ఆవిడ కొట్టు తెరిచేసరికే జెండా ఎగురుతుండేది, వాడి మొహం ఏనాడూ చూసింది లేదు. ఆవిడకి తిట్లు కరువైతే ఆయనే అందించేవాడు.

ఓసారి వాన వెలిసింది. ఆయన రాలేదు.

ఆవిడ చూసి చూసి ట్యూబులు జనానికిచ్చేసింది. కూతురు మారాం చేస్తే, "సరే పో," అని ఒకటి దాని చేతికీ ఇచ్చింది.

మర్నాడు ఎర్రజెండా ఎగిరింది. అప్పటికే పాప వాంతులతో, జ్వరంతో ఆసుపత్రిలో ఉంది. మురికినీళ్లు మింగిందన్నారు డాక్టరు. ఆ వార్డు నిండా అలాంటి పిల్లలే.

గండం గడిచి పాప ఇల్లు చేరింది. మర్నాడు తెల్లారకుండానే ఆవిడ జెండాకర్ర కింద కాపు కాసింది. జెండా దించడానికి కళ్లద్దాలతనొకడు రాగానే చొక్కా పట్టుకుంది.

"ఒకరోజు ముందు పెడితే నీ సొమ్మేం పోయేది?"

"నేను కొత్తగా వచ్చానక్కా! వాన పడితే ఊరి కాలవల మురికంతా సముద్రంలోకే. కానీ ఈ నీళ్లలో సూక్ష్మజీవులు పరీక్షలో పెరిగి కనబడటానికి ఒకరోజు పడుతుంది. అవి కనబడందే జెండా పెట్టకూడదని రూలు."

"మరి ఆ రోజంతా పిల్లల గతేంటి? మీ ఆఫీసులో ఒక్కరికైనా పట్టిందా?"

"ఒకాయనకి పట్టిందక్కా. పొద్దున్నే పరీక్షకి నీళ్లిచ్చేసి సెలవు పెట్టేవారట. జీతమంతా ట్యూబుల అద్దెకి తగలేస్తున్నారని అందరూ నవ్వేవాళ్లట. పోయిన నెల గుండెపోటుతో పోయారు."

ఆవిడ చేతిలోంచి చొక్కా జారిపోయింది.

"మా అన్నగారు... మీ ఆఫీసులో ఏం పని చేసేవారు?"

అతను దించిన జెండాని మడిచి ఆవిడ చేతుల్లో పెట్టాడు.

"ఇదేనక్కా. ఇన్నేళ్లూ ఈ ఒడ్డున జెండా పెట్టింది ఆయనే."