అనుభవం: సున్నా

"అనుభవానికి సున్నా వేశారేంటి మేడమ్? పదకొండేళ్లుగా ఈ ఊరి కుర్రాళ్లకి వెల్డింగ్ నేర్పుతున్నాను!" వెల్డింగ్ శిక్షణ టెండర్లో తనకొచ్చిన మార్కుల కాగితం బల్లమీద పెట్టాడు ఓజెల్.

కౌంటీ టెండర్ల అధికారిణి లిండ్‌క్విస్ట్ తలెత్తింది. "ప్రభుత్వ కాంట్రాక్టు కింద నేర్పితేనే మార్కులు. మీరు చర్చి షెడ్డులో ఊరికే నేర్పారు కదా!"

"మీరు కాంట్రాక్టు ఇస్తేనే కదండీ అనుభవం! ఇంతకీ ఎవరికిచ్చారు?"

"చికాగో కంపెనీకి. శిక్షకులు గట్టివాళ్లు. నూటికి నూరు పడ్డాయి."

గెలిచిన టెండరు ఎవరడిగినా చూపించాలి. ఆమె దాన్ని ముందుకు జరిపింది.

శిక్షకులు ముగ్గురు. రెనీటా, డెషాన్, మార్విస్. 'పని నేర్చుకున్న చోటు' అన్న గడిలో ముగ్గురూ ఒకటే రాశారు: ఓజెల్ షెడ్డు.

"అయితే నూరు మార్కులూ నా షెడ్డుకే వచ్చాయి," అన్నాడు ఓజెల్. "వాళ్ల కాగితంలో."

ఆమె అభ్యంతరాల ఫారం తీసిచ్చింది. "రాసివ్వండి. కాంట్రాక్టు ఆపేస్తాం."

"మరి ఈ పిల్లల ఉద్యోగాలు?"

"అవీ ఆగుతాయి."

ఓజెల్ ఖాళీ ఫారం తిరిగిచ్చేశాడు.

"రెనీటాది ఎడమచేతి వాటం. మిషను కుడివైపు పెడితే వైరు కాళ్లకి అడ్డం పడుతుంది. ఆ కంపెనీవాళ్లకి చెప్పండి."

ఆమె పెన్ను తీసి, ఫారం అటూ ఇటూ తిప్పి చూసింది. ఆ మాట రాయడానికి అందులో గడి లేదు.