ఎవరూ కూర్చోని కుర్చీ

మా మిక్సీల కంపెనీ మీటింగ్ హాల్లో, బల్ల తలవైపు ఉన్న తోలు కుర్చీలో ఎవరూ కూర్చోరు. ఎండీగారు కూడా పక్కన మామూలు కుర్చీలోనే ఒదిగి కూర్చుంటారు. దాన్ని రోజూ తుడిచి సెంటు కొడతారు. కొత్తల్లుడికి కూడా అంత మర్యాద జరగదు.

"ముడిసరుకు కొనడం దగ్గర్నుంచి మిక్సీ ఇంటికి చేరేదాకా, ఇకమీదట అన్నీ కొత్త పద్ధతిలోనే జరగాలి" అంటున్నారు ఎండీగారు. ఆ పద్ధతేమిటో మాలో ఎవరికీ తెలీదు. తెలీదని చెప్పే ధైర్యం అసలే లేదు. గంగిరెద్దుల్లా తలలూపుతున్నాం.

అంతలో తలుపు తోసుకుని ఒక పెద్దావిడ వచ్చింది. చంకలో మా మిక్సీ. కింద సర్వీస్ కౌంటర్ ఎత్తేసి టచ్ స్క్రీన్ పెట్టాం కదా, దానితో వేగలేక మెట్లెక్కి వచ్చేసిందట.

"ఈ జార్ మూత బిగుసుకుపోతోంది నాయనా. తడిచేత్తో తియ్యలేక చస్తున్నా" అంటూ, ఆయాసంతో ఆ తోలు కుర్చీలో కూలబడింది.

ఎండీగారు చివాల్న లేచారు.

"అమ్మా, ముందు అందులోంచి లేవండి!"

ఆవిడ గాభరాగా లేచింది. "పెద్దసారుదా బాబూ?"

"కాదు, కస్టమర్‌ది. ఏ నిర్ణయమైనా ఆయన మా ఎదురుగా ఇందులో కూర్చుని ఉన్నాడనుకునే తీసుకుంటాం."

"అయ్యో, తెలీదు నాయనా." ఆవిడ కుర్చీని కొంగుతో తుడిచి, మిక్సీని చంటిపిల్లలా చంకనేసుకుని గోడవారన నిలబడింది.

"పాపం, ఆయనొచ్చే వేళైందేమో. ఆయన పని అయ్యాకే నాది చూడండి."