ఎక్కని అద్దం

“గట్టిగా పట్టుకో బకాషన్నా, అద్దం జారిపోతాది!”

“జారేదానికి ఇంకేముండాదప్పా? అడుక్కి దిగే ఉండాది గదా!”

నిజమే. జయరాముడి కారు ఎడమవైపు అద్దం పూర్తిగా దిగిపోయింది. దాంతోపాటు ఆయన మొహమూ దిగింది. నిన్న ముదిగుబ్బ నుంచి వస్తూ ఆయన భార్య సునంద గాలి కోసం మీట నొక్కి దించింది. ఇంటికొచ్చాక ఎంత నొక్కినా అది పైకి రాలేదు. పవర్ విండో అని చెప్పి అమ్మిన బండిలో పవరు పోయి విండో మిగిలింది.

“టౌనుకు తీసకపోతా” అన్నాడు జయరాముడు.

“నేనుండంగా టౌనెందుకు?” పక్కింటి అల్లాబకాష్‌కి రోషమొచ్చింది. ఊళ్ళో బోరు మోటార్లన్నీ ఆయన చేతిలోవే. “పాతాళంలో ఇరుక్కున్న మోటారును పైకెత్తినోన్ని. మూరెడు తలుపులో అద్దం ఎత్తలేనా?”

“ఎత్తిపొడవాకు. ఎత్తి చూపించు.”

జయరాముడి తొందరకు కారణముంది. పోయినేడు ఇదే అద్దం ఇట్లే ఇరుక్కుంటే, రేపు చూద్దాంలే అని వదిలేశాడు. ఆ రాత్రే కుండపోత. వెనక సీట్లో ఉన్న శెనక్కాయ విత్తనాల మూట నానిపోయి, సీటు సందుల్లో మొలకలు లేచాయి. “అందరికీ చేన్లో మొలిస్తే మా జయరామన్నకు కార్లో మొలిచింది” అని ఊరంతా నవ్వింది. అంతకు ముందేడూ అంతే. అద్దం దిగింది, ఆకాశం తెగింది. అందుకే ఈసారి కొత్త సీటు కవర్లు తడవకముందే అద్దం ఎక్కించాలని ఆయన పంతం.

తడవడానికి వాన ఉంటే గదా! వానకారు వచ్చి ఎన్నాళ్ళో అయింది. వాన రాలేదు, కారొక్కటే మిగిలింది. దుక్కిలో పడ్డ విత్తనం ఎండుమట్టిలో ఎదురుచూస్తోంది. సునంద పట్టుబట్టి, దగ్గరుండి వేయించిన నాలుగెకరాలూ అందులోవే. ఈ వారంలో తడి తగలకపోతే అంతా చీమల పాలే.

మొన్న ఊళ్ళో కప్పలకు పెళ్ళి చేశారు. వానదేవుడి మొక్కుగా బండ మీద పాయసం పోసుకుని నాకారు. విత్తనాలు, పురుగుమందుల అంగడి నడిపే జయరాముడు మాత్రం అటు తొంగి చూడలేదు. చూడనివాడు నోరు మూసుకున్నా సరిపోయేది. “కప్పలకు పెళ్ళి చేస్తే కప్పపిల్లలు పుడతాయి గానీ వాన పుడతాదా?” అని రచ్చకట్ట మీదే అనేశాడు. ఆ పూట సునంద ఆయనకు సంగటి పెట్టింది గానీ సంగతి చెప్పలేదు.

“ఫ్యూజు చూస్తివా?” అడిగాడు జయరాముడు.

“చూసినా. దివ్యంగా ఉండాది.”

“మోటారో?”

తలుపు లోపలి అట్ట ఊడదీసి గోడకు ఆనించి ఉంది. అల్లాబకాష్ బ్యాటరీ నుంచి రెండు వైర్లు లాగి మోటారుకు తగిలించాడు. అది గుర్రుమంది. అద్దం నాలుగు వేళ్ళు పైకి లేచింది.

“ఎక్కుతాండాది! ఎక్కుతాండాది!” జయరాముడు ఎగిరి గంతేశాడు.

అల్లాబకాష్ చటుక్కున వైర్లు పీకేశాడు. “కాలిన వాసనొస్తాండాదప్పా!”

“నాకేం రాలేదే?”

“పురుగుమందులు అమ్మే ముక్కుకు మోటారు వాసన ఏం తెలుస్తాది?” అంటూ అద్దాన్ని అరచేత్తో నొక్కి మళ్ళీ కిందికి దించేశాడు. “మొదట్నుంచి కూర్చోబెట్టాల.”

వీధి చివరి సుబ్బలక్ష్మమ్మ మజ్జిగ చెంబుతో వచ్చింది. “ఎక్కిందా నాయనా?”

“ఎక్కలేదత్తా.”

“మంచిదే...” అని ఒక్క క్షణం ఆగి, “మంచి మజ్జిగే, తాగు” అంది.

జయరాముడు మజ్జిగ తాగి, గొర్రెలు తోలుకుపోతున్న కేశవను కేకేశాడు. “కేశవా, ఒగ టార్పాలిన్ పట్ట ఇయ్యి. ఈ పూటకు కప్పిపెడతా.”

“పట్టలన్నీ దొడ్డికి కట్టినానన్నా” అన్నాడు కేశవ, ఆగకుండానే.

“సునందా, మనింట్లో పట్ట ఏమాయ?”

“ఎలకలు కొట్టినాయి” వంటింట్లోంచి జవాబొచ్చింది.

శెనక్కాయలు ఎండబోసే ఊళ్ళో పట్ట దొరకలేదంటే పెళ్ళింట్లో అక్షింతలు దొరకనట్టే. జయరాముడు తల పట్టుకున్నాడు.

“అయినా కప్పేదానికి వాన యాడుండాదప్పా? ఆకాశం చూడు, అద్దం మాదిరుండాది” అన్నాడు అల్లాబకాష్.

“ఆ అద్దమన్నా సక్కంగా ఉండాది. నాదే అడ్డం తిరిగింది.”

పొద్దు వాలింది. అల్లాబకాష్ స్క్రూలన్నీ డబ్బాలో వేసుకుని లేచాడు. “రబ్బరు కొత్తది కావాలప్పా. రేపు చూస్తాం.”

“పోయినేడు నేనూ రేపే అన్నా!”

“ఈసారి నేనంటాండా గదా!”

కొళాయి ఒక్క పూట కారినా ఇల్లెగరగొట్టే సునంద, ఈ మాటకు పల్లెత్తు మాట అనలేదు. “పొద్దన్నుంచి ఎండలో మాడినారు. నీళ్ళు కాగినాయి, పోసుకోపోండి” అంది మెత్తగా.

జయరాముడి మనసు చల్లబడింది. తన కారు కోసం ఊరు ఇంత ఆరాటపడుతుందని ఆయన కలలో కూడా అనుకోలేదు. ఒకరు చెయ్యేశారు, ఒకరు మజ్జిగ తెచ్చారు, పోయినేడు నవ్విన నోళ్ళు ఈసారి నవ్వనే లేదు. ఆయన స్నానాల గదిలో చేతుల జిడ్డు వదిలించుకుంటుంటే, గోడ అవతల సునంద గొంతు తగ్గించి చెప్పడం వినబడింది.

“వాన పడేదాంకా దాన్ని బాగు చేయొద్దు, బకాషన్నా.”