పాములున్నాయి, జాగ్రత్త

బోర్డుకు రెండో మేకు సగం దిగేసరికి వెనక నుంచి మార్జరీ గొంతు వినిపించింది.

"ఏం రాశావు బీమ్?"

భీమయ్య సుత్తి దించాడు. వాగుకు దిగే కాలిబాట ఆమె ఇంటి కంచె పక్క నుంచే పోతుంది. ఎనభై దాటిన మనిషి, చేతికర్ర పట్టుకొని వరండా దిగి కంచెదాకా నడిచి వచ్చింది. దొరికిపోయాననుకున్నాడు.

"పాములున్నాయి, జాగ్రత్త అని. మా తెలుగులో."

"ఉన్నాయా?"

"నాకైతే ఎప్పుడూ కనబడలేదు."

మార్జరీ బోర్డును ఎగాదిగా చూసింది. "ఎడమవైపు వంగింది" అంటూ కర్రను కంచెకు ఆనించి, పలకను రెండు చేతులతో పట్టుకుంది. "ఊఁ, కొట్టు."

సిడ్నీలో తాము ఉండే క్వేకర్స్ హిల్ నుంచి ఈ వాగుకు కారులో గంటన్నర. పన్నెండేళ్లుగా శనివారం వచ్చిందంటే భీమయ్య, అతని భార్య ఆండాళ్ ఇద్దరూ టిఫిన్ డబ్బా పట్టుకొని ఇక్కడే. నిరుడు ఆండాళ్‌కు మోకాలి ఆపరేషన్ అయ్యాక, నీళ్లలో నడవమన్నాడు డాక్టరు. ఈత బట్టలు వేసుకొని నలుగురిలో స్విమ్మింగ్ పూల్‌లోకి దిగనంది ఆమె. ఈ వాగులో మాత్రం చీర పైకి దోపుకొని, భర్త భుజం పట్టుకొని నడిచేది. చలికాలం దాటేసరికి ఆ భుజం వదిలేసింది.

అప్పుడు వచ్చాడు కిట్టు. పెండిల్ హిల్‌లో ఉంటాడు, యూట్యూబ్‌లో వీడియోలు పెడతాడు. 'సిడ్నీలో ఎవరికీ తెలియని స్వర్గం' అని ఈ వాగును చూపించాడు. వీడియో మధ్యలో ఆండాళ్ ఉంది, మోకాళ్లతో సహా. 'ఈ ఆంటీ వైబ్ చూడండి ఫ్రెండ్స్!' అంటూ వెనకాల కిట్టు నవ్వు.

లక్షమంది చూశారు. వారం తిరగకముందే ఒడ్డున బిర్యానీ గిన్నెలు, స్పీకర్లు దిగాయి.

"నేను రాను" అంది ఆండాళ్. "కరీంనగర్ల మా చిన్నమ్మ ఫోన్ జేసి, ఏందే ఆ వేషం అన్నది. నా మోకాళ్లు లోకమంత జూడాల్నా?"

"డాక్టరు నడువుమన్నడు గదనే."

"ఇంట్ల నడుస్త."

నడవలేదు. మెట్లెక్కాలంటే మళ్లీ గోడ పట్టుకుంటోంది. వీడియో తీసేయమని భీమయ్య మెసేజ్ పెడితే, 'వ్యూస్ బాగున్నాయి అంకుల్, చిల్' అని జవాబు వచ్చింది. అతను ఆ రోజే హార్డ్‌వేర్ షాపుకు వెళ్లి పలక, పసుపు రంగు కొన్నాడు. అక్షరాల కింద పుర్రె బొమ్మ కూడా వేశాడు.

"అంత కసి ఉందా?" పుర్రెను చూసి అంది మార్జరీ.

"ఒక్కడు మిగలకూడదు. ఎక్కడెక్కడి వాళ్లో వచ్చి మన వాగు పాడుచేస్తుంటే ఊరుకుంటామా?"

మార్జరీ మూడో మేకు అందించింది.

మరుసటి శనివారం భీమయ్య ఒక్కడే బయల్దేరాడు. జనం బోర్డు చూసి వెనక్కి మళ్లడం కళ్లారా చూడాలని దారంతా నవ్వుకుంటూనే వచ్చాడు. తీరా వస్తే రోడ్డు మలుపు దాకా కార్లు. బోర్డు దగ్గర గుంపు. గుంపు ముందు, కర్రకు ఫోను తగిలించుకొని కిట్టు.

"చూశారా ఫ్రెండ్స్! ఆస్ట్రేలియా అడవిలో తెలుగు బోర్డు! సాక్షాత్తూ గవర్నమెంటే పెట్టిందండీ. అదీ మన లెవెలు! మెల్‌బోర్న్ వాళ్లూ, మీకుందా?"

"పాములున్నయంట గదన్నా" అంది ఒకమ్మాయి.

"మన గోల వింటే అవే పారిపోతాయి చెల్లీ. పద!"

భీమయ్య జనాన్ని తోసుకుంటూ వెళ్లి బోర్డు పట్టుకొని గుంజాడు. మార్జరీ పట్టుకుంటే కొట్టిన మేకులు, ఊడలేదు.

"అంకుల్, అంకుల్! పీకకండి, ఫైన్ వేస్తారు!" అని కిట్టు పరుగెత్తుకొచ్చి చేతిలో ఫోను పెట్టాడు. "మీరు కాస్త అటు జరిగి మా అందరికీ ఒక ఫొటో తీసిపెడుదురూ. పుర్రె పడాలి."

తీశాడు.

మార్జరీ వరండాలో టీ పోసి ఉంచింది. భీమయ్య జరిగినదంతా చెప్పాడు. కప్పు ముట్టుకోలేదు.

"ఇంకో బోర్డు పెడతాను. ఈసారి విషపు నీళ్లని రాస్తాను. చచ్చిపోతారని రాస్తాను."

"అయినా వస్తారు."

"మనిషన్నాక భయం ఉండదా?"

"చోటు నచ్చాక బోర్డుకు ఎవరూ ఆగరు బీమ్."

"మీకెలా తెలుసు?"

మార్జరీ చక్కెర గిన్నె అతని వైపు జరిపింది.

"మీరిద్దరూ వచ్చిన కొత్తలో నేనూ ఒకటి పెట్టాను, ఇంగ్లీషులో."