పాత కాపీ

తెర మీద ల్యాబ్ రిపోర్టు రావాల్సిన చోట ఎర్ర అక్షరాలతో ఎర్రర్ వచ్చి నిలబడింది. ఆసుపత్రి తరఫున వచ్చిన ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. కంపెనీ మేనేజర్ నవ్వు పెదాల మీదే బిగుసుకుపోయింది.

"ఎవరు ప్యాక్ చేశారు దీన్ని?" అన్నాడు మెల్లగా.

గదిలో తలలన్నీ పెద్దక్క వైపు తిరిగాయి. రిజిస్ట్రేషన్, ల్యాబ్, మందులు, బిల్లులు. సాఫ్ట్‌వేర్‌లోని ఈ నాలుగు మాడ్యూళ్లనూ ఒకే మూటగా కట్టి సర్వర్ మీదికి ఎక్కించే టీముకు ఆవిడే లీడ్. నాలుగూ వాడుకునే కోడ్ ఫైలు, అంటే ఉమ్మడి లైబ్రరీ, మూట మొత్తంలో ఒకే ఒక్క చోట ఉండాలి, అదీ కొత్తదే ఉండాలి అన్నది ఆవిడ పెట్టిన నియమం. ఆవిడ సంతకం లేకుండా ఏ మూటా గడప దాటదు.

ఆవిడ పక్కనే కూర్చున్న ప్యాకర్ తల దించుకుని పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉన్నాడు. చేతిలో చురుకు చూసి అతనికా పేరు పెట్టింది ఆవిడే. నిన్న ఆవిడ పరీక్షలన్నీ ముగించి, సంతకం పెట్టి భోజనానికి వెళ్లాక, అతను ల్యాబ్ మాడ్యూల్ సొంత ఫోల్డర్లోకి ఆ లైబ్రరీ పాత కాపీ ఒకటి దూర్చి మూట మళ్లీ కట్టాడు. సర్వర్ ముందు మాడ్యూల్ సొంత ఫోల్డర్లోనే వెతుక్కుంటుంది. అక్కడ పాతది దొరికితే కొత్తదాని జోలికి పోదు. మూట చక్కగా ఎక్కింది, సర్వర్ చక్కగా లేచింది. రిపోర్టు అడిగేదాకా ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు.

"నేను కట్టినప్పుడు సరిగ్గానే ఉందక్కా," అన్నాడు ప్యాకర్, అందరికీ వినపడేలా.

ఆవిడ మూట విప్పి చూసింది. రెండు నిమిషాలు తెరకేసి చూస్తూ ఉండిపోయింది. తర్వాత ల్యాప్‌టాప్ మూసేసి, సంతకం తనదని, తప్పు కూడా తనదేనని చెప్పింది. ప్యాకర్ ఊపిరి పీల్చుకున్నాడు. వ్యవహారం ఇంత తేలిగ్గా తెగుతుందని అతను అనుకోలేదు.

మేనేజర్ ఆవిణ్ణి తన గదిలోకి పిలిచి తలుపు వేశాడు. గంటన్నర పట్టింది. అద్దం అవతల ఆయన చేతులు ఊపుతూ ఏదో అడుగుతున్నాడు, ఆవిడ నేలచూపులు చూస్తోంది. ఈ వయసులో ఆవిడకి ఇంకోచోట ఉద్యోగం ఎవరిస్తారని టెస్టింగ్ వాళ్లు గుసగుసలాడుకున్నారు. ప్యాకర్ కూడా అయ్యో పాపం అన్నాడు.

బయటికొచ్చాక ఆవిడ అతని పక్కకి కుర్చీ లాక్కుని కూర్చుంది. ఏ మాడ్యూల్‌కి ఏ వెర్షన్ కావాలో, సర్వర్ మొండికేస్తే ముందు ఏది చూడాలో ఒక్కొక్కటే చెప్పి రాయించింది.

"ల్యాబ్‌లో పాతది తీసేశాను. ఇంకెక్కడా లేదుగా?" అంది చివర్న.

"లేదక్కా."

ఆవిడ అతని మొహంలోకి చూసి, బ్యాగు భుజాన వేసుకుని వెళ్లిపోయింది. అతను లిఫ్టు దాకా కూడా వెళ్లలేదు.

సోమవారం పొద్దున్నే మేనేజర్ ప్యాకర్ని పిలిచి, ఇకనుంచి లీడువి నువ్వే అన్నాడు. ఇంటి దగ్గర అద్దం ముందు సాధన చేసుకొచ్చిన వినయంతో ప్యాకర్, అక్క లేని లోటు ఎవరూ తీర్చలేరన్నాడు. మేనేజర్ తలాడించి, తన తెరని అతని వైపు తిప్పాడు. సంతకం పడిన నలభై నిమిషాలకి మూట మళ్లీ కట్టినట్టు అందులో నమోదై ఉంది, కట్టినవాడి పేరుతో సహా.

ప్యాకర్‌కి కాళ్ల మీద పడాలో, లేచి బయటికి నడవాలో తోచలేదు.

"సార్, అది..."

"కంగారుపడకు, కూర్చో. ఇది ఆవిడా చూసింది, నేనూ చూశాను," అని మేనేజర్ ఒక తెల్లకాగితం అతని ముందుకు జరిపాడు. "తప్పు జరిగినందుకు కాదు, ఎవరు చేశారో చెప్పమంటే నీ పేరు చెప్పనందుకు పంపేశాను ఆవిణ్ణి. టీములో ఇంకో నలుగుర్ని తీసెయ్యాలి, పేర్లు రాసివ్వు."