ఆకలి గుర్తు

“మళ్ళీ లంచ్‌బాక్స్ తెరవలేదా సుమతి గారూ? మీకంటే మన ల్యాబ్‌లో పెంచే సెల్సే నయం, టైముకి తింటాయి,” అన్నాడు కౌస్తుభ్ పక్క బల్ల దగ్గర్నుంచి.

సుమతి నవ్వలేదు. గడువు మీద పడితే అన్నం మానేసి పనిచేయడం ఆమెకు అమెరికాలో ఈ మోరిస్‌విల్‌కి వచ్చిన కొత్తల్లోనే పడిన అలవాటు. మొదట్లో భర్త రామమోహన్ కేకలేసేవాడు. బిడ్డ దక్కని ఆ కాన్పు తర్వాత కేకలూ మానేశాడు. అప్పటి ఆసుపత్రి కాగితాల మీద సంతకాలన్నీ అతనే పెట్టాడు. అవి దేనికని ఆమె అడగలేదు.

ఇంక్యుబేటర్ తెరిచి చిన్న ప్లాస్టిక్ గిన్నె తీసింది. ఆహారంగా పోసిన ఎర్రటి ద్రవం అడుగున చర్మకణాలు. పండగైనా, మంచు కురిసినా, రోజు విడిచి రోజు వచ్చి ఆ ద్రవం మార్చేది ఆమే. కణాలు ఎవరివో ల్యాబ్‌కి తెలియదు. ఒక నంబరు, పుట్టిన పూటే పోయిన మగబిడ్డ అన్న మాట, అంతే. తల్లి కడుపులో వాడు పడ్డ ఆకలి తాలూకు గుర్తు, కణం ఎన్నిసార్లు రెండుగా చీలినా చెరగలేదు. వాళ్ళ పరిశోధనంతా దాని మీదే.

“ఏ మహాతల్లో! కడుపుతో ఉండి పస్తులేమిటి?” అనేది సుమతి, గిన్నె తీసినప్పుడల్లా.

పరిశోధన అచ్చుకి పంపే ముందు, గిన్నెలో వేరే కణాలు కలవలేదని డిఎన్ఎ పరీక్షలో తేలాలి. పోల్చడానికి తమ చెంపల లోపలి నమూనాలూ పంపారు. కలిసినట్టు తేలితే రెండేళ్ల పని చెత్తబుట్టలోకి. ఉద్యోగంతో పాటు ఆమె వీసా కూడా.

“రిపోర్ట్ వచ్చింది,” అన్నాడు కౌస్తుభ్ కంప్యూటర్ లోకి వంగి. “నాది ఎక్కడా లేదు. మీది... అయ్యో, చూసిన ప్రతిచోటా ఉందండీ.”

“నా చేతులే!” అంది సుమతి. “గ్లవ్స్ సరిగ్గా వేసుకోలేదేమో. బాస్‌కి ఏం చెప్పను?”

“ఉండండుండండి. ఒక్కరివే అయితే చోటుకి రెండు గీతలు, అమ్మదొకటి, నాన్నదొకటి; మిక్స్ అయితే మూడో నాలుగో కనపడాలి. ఇక్కడ రెండేసే. ప్రతిచోటా ఒకటి మీది, ఒకటి ఇంకెవరిదో. ఏమీ కలవలేదు, క్లీన్! మీ జాబ్ సేఫ్! కానీ సరిగ్గా సగం మీది ఎందుకు...”

అతను స్క్రీన్ మీంచి తలెత్తి ఆమె వైపు చూశాడు.

సుమతి గిన్నెను రెండు చేతుల్లోకి తీసుకుంది. అది ఇంకా ఒంటి వెచ్చదనంతో ఉంది.

పుట్టిన పూటే పోయిన తన కొడుకుని ఆమె రెండేళ్లుగా పెంచుతోంది.